నేల పడక

వంశధార విమానకూడలి రెండో విశ్రాంతిశాలలో, ఉదయం పదకొండు గంటల వేళ, ఒక కుర్చీ లిఖిత్ అస్థికలను ఊపడం మొదలుపెట్టింది.

కుర్చీ తప్పేమీ లేదు. రెండు కిలోలకు పైన, పది కిలోలకు లోపల ఏ బరువు తన మీద పడినా పసిబిడ్డ అనుకోమని దానికి నేర్పారు. తెల్లగుడ్డలో చుట్టిన రాగి కలశం రెండున్నర కిలోలుంది. కుర్చీ చేతులు రెండూ మెల్లగా దగ్గరికి జరిగి కలశాన్ని పొదువుకున్నాయి. వెనకవైపు నుంచి సన్నగా జోలపాట వినిపించింది.

"ఆపు," అంది హాసిని.

కుర్చీ ఆపలేదు. ఆడగొంతు వినబడేసరికి తల్లి దగ్గరే ఉందని గ్రహించి, ఊపు ఇంకాస్త మెత్తగా చేసింది.

ఆమె కలశాన్ని రెండు చేతులతో పైకి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అస్థికలను నేల మీద పెట్టకూడదని పురోహితుడు చెప్పాడు. అందుకే కుర్చీ మీద పెట్టింది. కాసేపు అటూ ఇటూ చూసి, గోడకున్న సామాన్ల కొక్కెం ఒకటి ఎంచుకుని, కలశాన్ని సంచిలో ఉంచి దానికి తగిలించింది. ముడి రెండుసార్లు లాగి చూసింది. లిఖిత్ ఆమెకు తమ్ముడు. నాలుగేళ్ళు చిన్నవాడు. చిన్నప్పుడు వాణ్ణి ఊపింది ఆమే. ఆ సంగతి ఇప్పుడు తలచుకోదలచుకోలేదు.

హాసినికి అరవై ఒక్కేళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. కాటా అబద్ధం చెప్పదని, దాన్ని సరిచేసినవాడు ఏది సున్నా అనుకున్నాడో అక్కణ్ణుంచే అది లెక్క మొదలుపెడుతుందని ఆమెకు బాగా తెలుసు. అందుకని యంత్రాల మీద కోపం రాకూడదు. కానీ పొద్దుటి నుంచి వస్తూనే ఉంది.

మణికట్టు పట్టీ మీద ఆమె నిద్రాంకం ముప్పై ఒకటి చూపిస్తోంది. రాజమహేంద్రవరం విమానం నాలుగు నలభైకి. ద్వారం నాలుగు ఇరవైకి మూస్తారు. నిద్రాంకం నలభై లేనివారిని విమానం ఎక్కించరు. రైలూ ఎక్కించరు, బస్సూ ఎక్కించరు. సాంద్రనిద్ర వచ్చాక చేసిన చట్టం అది. నిద్ర అందరికీ అంత సులువుగా దొరుకుతున్నప్పుడు, నిద్ర లేకుండా తిరగడం నిర్లక్ష్యం కిందే లెక్క.

సాంద్రనిద్ర వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఎనిమిది గంటల నిద్రను యాభై నిమిషాల్లోకి చిక్కబరిచే నిద్రగూళ్ళు మొదట ఆసుపత్రుల్లో, తర్వాత కార్యాలయాల్లో, ఆపైన ప్రతి ఇంట్లో వెలిశాయి. మనిషి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. యాభై నిమిషాలకు వెలుగు పెరిగి, చల్లటి గాలి వచ్చి, తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ఇళ్ళలో పడకగదులు పోయాయి. పరుపులు కుట్టేవాళ్ళు వేరే పనులు చూసుకున్నారు. ఈ విశ్రాంతిశాలలోనే గోడ పొడుగునా నూట ఇరవై గూళ్ళున్నాయి. పాలరంగు తలుపులు, మెత్తటి దీపాలు. సగానికి పైగా ఖాళీగానే ఉన్నాయి.

హాసిని వాటిలోకి వెళ్ళదు. రేపటిదాకా వెళ్ళదు.

లిఖిత్ సముద్రం మధ్య గాలిమరల కేంద్రంలో ఇంజినీరు. పని మీద ఉండగానే గుండె ఆగింది. భార్యాపిల్లలు లేరు. హాసిని వెళ్ళి పోర్ట్‌బ్లెయిర్‌లో దహనం చేసింది. కాగితాలు చేతికి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఈ రోజు తొమ్మిదో రోజు. రేపు పొద్దున కొవ్వూరు గోదావరి రేవులో పదో రోజు కర్మ చేయాలి. పొద్దున బయల్దేరినప్పుడు నిద్రాంకం నలభై ఆరు ఉంది. మొదటి విమానం ఆలస్యమై, ఎక్కాల్సిన రెండోది వెళ్ళిపోయింది. మెలకువగా గడిచిన ప్రతి గంటా ఆ అంకెను కొంచెం కొంచెం కొరికేసింది.

కర్మ చేసేవాళ్ళు ఆ పది రోజులూ నేల మీదే పడుకోవాలి. హాసినికి ఆచారాల మీద పెద్దగా పట్టింపు లేదు. పదిహేనేళ్ళ క్రితం నాన్న పోయినప్పుడు లిఖిత్ హాల్లో దుప్పటి పరుచుకుని పడుకుంటే, "యాభై నిమిషాల్లో అయిపోయే పనికి రాత్రంతా నేల మీద దొర్లడం ఏమిట్రా," అని ఎగతాళి చేసింది. వాడికి అప్పటికే నడుంనొప్పి. "గూట్లో పడుకుంటే పొద్దున్నే మామూలు మనిషిలా లేస్తానే అక్కా," అన్నాడు. "పది రోజులు అలా లేవకూడదు."

అంతే. దాన్ని గురించి వాడు మళ్ళీ మాట్లాడలేదు. ఆమె కూడా ఈ ఎనిమిది రోజులూ ఎవరితోనూ చెప్పలేదు. రోజూ పొద్దున మోకాలి మీద చెయ్యి ఆనించి, గోడ పట్టుకుని లేస్తోంది.

మామూలు నిద్రకు గంటకు నాలుగు పాయింట్లు పెరుగుతాయి. మూడు గంటలు పడుకుంటే నలభై దాటుతుంది. సమయం ఉంది. స్థలమే కావాలి.

మొదట కుర్చీలోనే ప్రయత్నించింది. కుర్చీ మంచం కాదు కదా అని సరిపెట్టుకుంది. కళ్ళు మూసి మూడు నిమిషాలు కాలేదు, కుర్చీ వీపు నిటారుగా లేచింది. "మీకు నిద్ర వస్తున్నట్టుంది. ఎడమవైపు పద్నాలుగో గూడు ఖాళీగా ఉంది," అంది తేనె పూసిన గొంతుతో. పక్క కుర్చీలోకి మారింది. అది కూడా పద్నాలుగో గూడే చెప్పింది. మూడో కుర్చీ, ఆమె ఇప్పటికే రెండు సూచనలను పెడచెవిన పెట్టిందని గుర్తుచేసి, పద్నాలుగో గూడు ఇంకా ఖాళీగానే ఉందని చెప్పింది.

లేచి, స్తంభం వెనక ఎవరూ నడవని చోటు చూసుకుని, తువ్వాలు పరిచి ఒత్తిగిలి పడుకుంది. పాలరాయి చల్లగా ఉంది. హాయిగా అనిపించింది. పదకొండు సెకన్లు.

ఎక్కడో గంట మోగింది. చక్రాల చప్పుడు దగ్గరైంది. నడుమెత్తు ఆసరాబండి ఒకటి వచ్చి, రెండు మెత్తటి చేతులు ఆమె చంకల కింద పెట్టి, ఏదో చెప్పబోయేలోగా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. విమానకూడలి నేల అంతా ఎరుకనేల. దాని మీద మనిషి అడ్డంగా ఉంటే పడిపోయినట్టే లెక్క. ఈ కాలంలో ఎవరూ నేల మీద పడుకోరు. కనక అడ్డంగా ఉన్న మనిషికి మరో అర్థం ఉంటుందని ఎవరికీ తోచలేదు.

"దెబ్బ తగిలిందా?" అని అడిగింది బండి.

"లేదు. నేను కావాలనే పడుకున్నాను."

"తలకు దెబ్బ తగిలినవారు ఇలా చెప్పడం సహజం," అని బండి ఆమె కళ్ళలోకి చిన్న దీపం వేసి చూసింది.

చూడటం అయ్యేసరికి, బండి చేసిన పనికి సంతకం పెట్టాల్సిన ఆసరా ఉద్యోగి వచ్చింది. పేరు పైడితల్లి అని చొక్కా మీద రాసి ఉంది. నలభై దాటి ఉంటాయి. బలమైన మనిషి. చేతిలో సగం తిన్న గారె.

"ఏటమ్మా, పడిపోనారా?"

"లేదమ్మా. కాస్త పడుకుందామని."

పైడితల్లి గోడ పొడుగునా ఉన్న గూళ్ళ వైపు చూసి, మళ్ళీ ఆమెను చూసింది. "అన్ని గూళ్ళు ఎట్టుకుని నేల మీదేటమ్మా మీకు? ఆఫీసరు బాబునడగండి. అక్కడ, గాజు గదిలో ఉన్నాడు." పలక మీద వేలితో సంతకం గీసి, గారె నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది.

విశ్రాంతి అధికారి పేరు వీరభద్రం. ఇరవై ఆరేళ్ళ కుర్రవాడు. ఆ తరంలో ముత్తాతల పేర్లు తిరిగి వచ్చాయి. హాసినీలు, లిఖిత్‌లు ఇప్పుడు ముసలివాళ్ళ పేర్లు. అతను ఆమె చెప్పినదంతా మర్యాదగా విన్నాడు. మర్యాద చూసి ఆమెకు ఇంకా విసుగు వచ్చింది.

"మేడం, నేల వాడుకోవడానికి అనుమతి ఇవ్వగలను. కాకపోతే ఏ విభాగం కింద ఇవ్వాలో చూడాలి."

"ఏమేం ఉన్నాయి?"

"ప్రార్థన ఉంది. ఇరవై నిమిషాలు. అందులో సాష్టాంగం రెండు నిమిషాలకు మించకూడదు."

"నాకు మూడు గంటలు కావాలి."

"వ్యాయామం ఉంది. నలభై నిమిషాలు. మూడు నిమిషాలకోసారి భంగిమ మార్చాలి."

"నిద్రపోతూ ఎలా మార్చను బాబూ?"

"అందుకే నేను దాన్ని సిఫార్సు చేయడం లేదు మేడం." పలక మీద కిందికి జరిపాడు. "పిల్లల ఆట అని ఒకటి ఉంది."

"నాకు అరవై ఒకటి."

"అవును. దానికి ఆరేళ్ళ వయోపరిమితి ఉంది."

హాసిని బల్ల మీద అరచేయి ఆనించింది. "మనిషి పోయినవాళ్ళకి ఏమీ లేదా?"

"ఎందుకు లేదు మేడం," అన్నాడు వీరభద్రం, ఆ ప్రశ్నకు సమాధానం ఉన్నందుకు సంతోషిస్తూ. "వియోగ నిద్రగూడు ఉంది. లోపల లేత నీలం వెలుగు, వాన పడ్డ మట్టి వాసన. ముప్పై ఐదు నిమిషాలే. మామూలుగా అయి బయటికి వస్తారు."

"నాకు రేపటిదాకా మామూలుగా అవ్వాలని లేదు."

అది అతనికి ఏ విభాగంలోనూ దొరకలేదు. గొంతు కాస్త తగ్గించాడు. "ఒక్కసారికి గూట్లో పడుకుంటే ఏమవుతుందండీ? ఎవరు చూస్తారు?"

"నా నిద్రాంకం ముప్పై తొమ్మిది ఉంటే విమానం ఎక్కిస్తారా?"

"ఎక్కించరు మేడం."

"ఏం? ఎవరు చూస్తారు?"

"నా చేతిలో లేదండీ," అన్నాడు వీరభద్రం. ఆ మాట నిజమేనని ఆమెకు తెలుసు. తన ఉద్యోగంలో తనూ ఎంతోమందికి ఆ మాటే చెప్పింది.

"మీ నిబంధనల పుస్తకం ఒకసారి ఇస్తారా?"

"అది నాలుగు వందల పేజీలుంటుంది మేడం."

"చదువుతాను."

చదివింది. నిబంధనలు చదవడం ఆమె జీవితమంతా చేసిన పని. మొదటి పేజీ వదిలేసి, జరిమానాలూ మినహాయింపులూ ఉన్న చోటు వెతుక్కుని, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చింది. పన్నెండున్నర అయ్యేసరికి పద్దెనిమిదో నిబంధన దొరికింది. అది ఎందుకు రాశారో కూడా కింద వివరించి ఉంది. చాలాకాలం క్రితం ఎక్కడో ఒక ప్రయాణికుడు జనం మధ్యే కింద పడి, బండ్లు వచ్చిపోతున్నా మనిషి ఎవరూ దగ్గరికి రాక, రెండు గంటల తర్వాత చనిపోయాడు. అందుకని, పడిన మనిషికి స్పృహ ఉండి, చికిత్స వద్దని, లేవనని చెబితే బలవంతంగా లేపకూడదు. కానీ ఒక ఉద్యోగి పక్కనే ఉండి, తన చేతిపట్టీ ఆ మనిషి మణికట్టుకు తగిలేలా పట్టుకోవాలి. పడినవారు లేచేదాకా వదలకూడదు. రెండు నిమిషాల పాటు పక్కన ఎవరూ లేకపోతే శాల అంతా గంట మోగుతుంది. పైవాళ్ళకు కబురు వెళ్తుంది.

ఎంతసేపు అన్నది రాయలేదు. రాసినవాళ్ళు నిమిషాల్లో తేలే విషయం అనుకున్నారు.

హాసిని పుస్తకం తిరిగిచ్చి, స్తంభం వెనకకు వెళ్ళి, తువ్వాలు పరిచి పడుకుంది. గంట మోగింది. బండి వచ్చింది.

"దెబ్బ తగిలిందా?"

"లేదు. చికిత్స వద్దు. లేవను. పద్దెనిమిదో నిబంధన."

బండి మెత్తటి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కాసేపు అలా ఉండి, వెనక్కి ముడుచుకున్నాయి. పైడితల్లి వచ్చింది.

"మళ్ళీ మీరేనా తల్లీ," అంది నడుం మీద చేతులు పెట్టుకుని. "ఇందాకే కదా లేపించేను."

హాసిని విషయమంతా చెప్పింది. దాచకుండా, ఏ మాటా పెంచకుండా చెప్పింది. మూడు గంటలు. విమానం. రేపు పదో రోజు.

"మూడు గంటలు మీ పక్కన కూకుంటే నా పని ఎవులు సేస్తారమ్మా? ఎనిమిది బళ్ళు నా మీద ఉన్నాయి."

"అవి వాటి పని అవే చేసుకుంటాయి కదా."

"సేసుకుంటాయి. అయి సేసిన పనికి నాను సంతకం ఎట్టాలి కదా."

"సంతకం ఇక్కడ కూర్చుని పెట్టలేవా?"

పైడితల్లి ఆలోచించింది. పెట్టవచ్చని ఆమెకు ఇంతవరకూ తోచినట్టు లేదు. పదకొండేళ్ళుగా శాల ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెడుతూనే సంతకాలు పెడుతోంది. గోడకు తగిలించిన సంచి వైపు చూసింది.

"అందులో ఉన్నది ఎవులమ్మా?"

"మా తమ్ముడు."

"పెద్దోడా?"

"యాభై ఏడు."

"సిన్నోడే," అంది పైడితల్లి. నిట్టూర్చి, మోకాళ్ళ మీద బరువు వేసి కింద కూర్చుని, స్తంభానికి చేరగిలింది. "సెయ్యి ఇలాగివ్వండి."

హాసిని చెయ్యి వెనక్కి తీసుకుంది. నిబంధన చదివినప్పుడే ఈ సంగతి గమనించి ఉండాల్సింది. గమనించలేదు. "నన్ను ముట్టుకోకూడదమ్మా. నాకు మైల. పదో రోజు దాకా ఎవరూ ముట్టుకోరు."

"మరి ఎలాగ? పట్టీ తగలాలి కదా."

నేల మీద పడుకోవాలంటే చెయ్యి ఇవ్వాలి. చెయ్యి ఇవ్వకూడదంటే గూట్లో పడుకోవాలి. హాసిని పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయింది. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద అలసట వస్తుందని ఆమె అనుకోలేదు.

"మైలకేటమ్మా," అంది పైడితల్లి. "డూటీ దిగినాక ఇంటికెల్లి ఎలాగా తానం సేస్తాను. నాకేటి అంటుకోదు. మీకేటీ పోదు." అడగకుండానే మణికట్టు పట్టుకుంది. పట్టీ ఒకసారి ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయింది.

తొమ్మిది రోజులు. కేంద్రంలో లిఖిత్‌తో పనిచేసినవాళ్ళు దూరంగా నిలబడి తలలు వంచారు. పురోహితుడు దర్భలు పైనుంచి జారవిడిచాడు. దుకాణంవాడు వస్తువులు బల్ల మీద పెట్టాడు. అదంతా పద్ధతే. ఎవరి మీదా ఆమెకు ఫిర్యాదు లేదు. ఇప్పుడు ఆ చెయ్యి వెచ్చగా, గరుగ్గా, గారె నూనె వాసనతో తన మణికట్టు మీద ఉంటే, మొదటిసారి ఆ తొమ్మిది రోజుల పొడవు తెలిసింది. కళ్ళు మూసుకుంది.

"ఇలాగ మనిషి పక్కనుంటే నిద్దరొస్తాదామ్మా?" అంది పైడితల్లి. "నాకైతే తలుపు పడితేగాని రాదు."

"నువ్వు ఆఖరిసారి మామూలుగా ఎప్పుడు పడుకున్నావు?"

"మా సిన్నప్ప పెళ్ళికి. గూళ్ళు రాకముందు. పందిట్లో ఒకే సాప మీద తొమ్మిదిమందిమి. ఎవుల కాలు ఎవుల మీదుందో తెలీదు." తనలో తను నవ్వుకుంది. "తెల్లారేక మా బావ కాలనుకుని మా తాత కాలు గిల్లేసేను."

"ఏమన్నాడు?"

"ఏటంటాడు. తిరిగి నన్ను గిల్లేడు."

హాసిని నవ్వింది. తొమ్మిది రోజుల్లో అదే మొదటిసారో ఏమో తెలియదు. లెక్క చూసుకోలేదు. నిద్ర వచ్చింది.

మెలకువ వచ్చేసరికి మెడ పట్టేసింది. ఒక చెవి తిమ్మిరెక్కింది. మణికట్టు పట్టీ మీద నలభై. గోడ గడియారంలో నాలుగు రెండు.

చెయ్యి ఇంకా ఆ చేతిలోనే ఉంది. పైడితల్లి మాత్రం స్తంభానికి చేరగిలి లేదు. ఎప్పుడు జారిందో, నేల మీద ఒత్తిగిలి, మోచెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. పట్టీలు రెండూ తగిలే ఉన్నాయి కనక, పక్కన మనిషి ఉన్నట్టే లెక్కవేసి నేల గంట మోగించలేదు. సన్నగా గురక పెడుతోంది పైడితల్లి. ఆ చప్పుడు హాసిని విని ఎన్నేళ్ళయిందో.

వాళ్ళ తలల దగ్గర రెండు నల్లటి బూట్లు ఉన్నాయి. తలెత్తి చూస్తే వీరభద్రం. అతని పలక మీద ఎర్రటి చుక్క ఆగకుండా వెలుగుతోంది.

"ఆసరా ఉద్యోగి గంటన్నర నుంచి పలకడం లేదని వచ్చింది," అన్నాడు నెమ్మదిగా. "ఈవిడకి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను."

"బాగానే ఉంది. నిద్రపోతోంది."

"అలా ఎలా నిద్రపోతారండీ? పొద్దున్నే గూట్లో పడుకుని వచ్చారు. నిద్రాంకం తొంభై ఒకటి ఉంది."

హాసిని నెమ్మదిగా లేచి కూర్చుంది, చెయ్యి మాత్రం వదలకుండా. "నివేదికలో ఏమని రాస్తారు?"

"విధుల్లో నిద్ర అని రాయాలి. ఉద్యోగం పోతుంది." అతని గొంతులో కాఠిన్యం లేదు. దిక్కుతోచనితనం ఉంది. "లేపేయండి మేడం. త్వరగా."

"నేను లేపను. నా కోసం మూడు గంటలు కూర్చుంది. మీ ఉద్యోగి, మీరే లేపండి."

వీరభద్రం వంగాడు. భుజం వైపు చెయ్యి చాచాడు. మధ్యలో ఆపి, వెనక్కి తీసుకున్నాడు. "పైడితల్లిగారూ," అన్నాడు, ప్రకటన చదివే గొంతుతో. ఆమె బుగ్గ మోచేతి మీద ఇటు నుంచి అటు మార్చి, ఇంకాస్త ముడుచుకుంది.

అతను హాసిని వైపు చూశాడు.

"ఎలా లేపుతారండీ?"

వెటకారం అనుకుని ఆమె అతని ముఖంలోకి చూసింది. వెటకారం కాదు. నిజంగానే అడుగుతున్నాడు. ఇరవై ఆరేళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచి వెలుగూ చల్లగాలీ అతన్ని లేపుతూ వచ్చాయి. అతన్ని ఎవరూ లేపలేదు. అతనూ ఎవర్నీ లేపలేదు.

"మీ అమ్మ నిద్రపోతుంటే ఎప్పుడూ చూడలేదా?"

"తలుపు మూసి ఉంటుంది కదండీ," అన్నాడు వీరభద్రం.

రాజమహేంద్రవరం ప్రయాణికులకు చివరి పిలుపు వినబడింది. నాలుగు పది. ద్వారం దాకా నడవడానికి ఆరు నిమిషాలు. హాసిని మోకాలి మీద చెయ్యి ఆనించింది.

"నేను లేస్తే ఈమె నేల మీద ఒక్కతీ అవుతుంది," అంది. "రెండు నిమిషాలకు గంట మోగుతుంది. పైవాళ్ళకు కబురు వెళ్తుంది. నిబంధన మీకు తెలుసు. వచ్చి పట్టుకోండి."

"ఇంకో ఉద్యోగిని పిలుస్తాను మేడం."

"వచ్చేసరికి నా ద్వారం మూసేస్తారు."

అతను పలక వైపు చూశాడు. ఎర్రచుక్క వైపు చూశాడు. నిద్రపోతున్న మనిషి వైపు చూశాడు. అక్కడ అన్నిటికన్నా ఎక్కువసేపు చూశాడు, చూడకూడనిదేదో చూస్తున్నట్టు, అయినా చూపు తిప్పుకోలేనట్టు. తర్వాత పలకను బోర్లా పెట్టి, కింద కూర్చోబోయాడు. నేల మీద కాళ్ళు ఎలా మడవాలో తెలియలేదు. ఒకటి చాపి, ఒకటి ముడిచి, స్తంభం పట్టుకుని ఎలాగో కూర్చున్నాడు. హాసిని పైడితల్లి చేతిని తన మణికట్టు మీది నుంచి తీసి అతని చేతిలో పెట్టింది. వేళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి. అతని పట్టీ ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయింది. నేలకు ఏ తేడా తెలియలేదు. ఒకరు పడి ఉన్నారు, ఒకరు పక్కన ఉన్నారు.

"నివేదికలో ఏం రాయమంటారు?"

"ఇప్పుడే రాయకండి. కాసేపు చూసి, చూసింది రాయండి."

ఆమె గోడ పట్టుకుని లేచింది. కొక్కెం నుంచి సంచి తీసి రెండు చేతులా గుండెకు ఆనించుకుంది. నాలుగు అడుగులు వేశాక వెనక నుంచి అతను పిలిచాడు. నిద్రపోయే మనిషి దగ్గర గొంతు తగ్గించాలని అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ తగ్గించాడు.

"మేడం, ఇలా ఎంతసేపు ఉంటారు ఈవిడ? యాభై నిమిషాలా?"

"దానికి లెక్క ఉండదు బాబూ," అంది హాసిని. "లేచేదాకా."

వీరభద్రం తల ఊపాడు. ఖాళీగా ఉన్న రెండో చేత్తో బూట్ల ముడి విప్పుకోవడం మొదలుపెట్టాడు.